పాప గదిలో నక్షత్రాలు, అనంతగిరిలో మిణుగురులు: చీకట్లో వెలిగేవాటికి ఆ వెలుగు ఎక్కడిది?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను. కూకట్‌పల్లిలో మీ ఇంట్లో ఎనిమిదేళ్ల పాప గదికి సీలింగ్ నిండా నక్షత్రాల స్టిక్కర్లు అంటించారు. లైటు ఆర్పితే లేత ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. "అది రేడియం. పిల్లకి క్యాన్సర్ వస్తుంది, పీకెయ్యండి" అని మీ అత్తగారు పట్టుబట్టారు. మొన్న వానలు మొదలయ్యాక అనంతగిరి వెళ్లినప్పుడు పాప మిణుగురులను చూసి, "వీటికి కూడా పగలు ఎండలో ఛార్జింగ్ ఎక్కుతుందా నాన్నా?" అని అడిగింది. ఈ రెండిటికీ ఏం చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నేను నగరంలోనే ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఈ పాఠం ఉన్న రోజు ల్యాబ్ కిటికీలకు నల్ల గుడ్డలు కట్టించేవాణ్ణి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ టెన్షన్ సంగతి. ఆ స్టిక్కర్లలో రేడియం లేదు. ఈ రోజుల్లో వాటిలో వాడేది జింక్ సల్ఫైడ్ గానీ, స్ట్రాన్షియం అల్యూమినేట్ గానీ. రెండిటికీ రేడియోధార్మికత లేదు. స్ట్రాన్షియం అనగానే అణుబాంబుల వార్తల్లో విన్న స్ట్రాన్షియం-90 గుర్తొచ్చి కొందరు భయపడతారు. ఇది ఆ రకం కాదు, ఖనిజాల్లో మామూలుగా దొరికే స్ట్రాన్షియం. స్టిక్కర్ ఊడిపడితే పాప నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. ఏ ప్లాస్టిక్ ముక్కకైనా ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

అలాగని మీ అత్తగారి మాటను తీసిపారేయకండి. ఆమె భయం వెనక నిజంగా జరిగిన కథ ఉంది. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనిపెట్టారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కముందే అమెరికాలో రేడియం కలిపిన రంగుతో వాచీ డయళ్ల మీద అంకెలు వేయడం మొదలైంది. ఆ రంగులో రేడియంతో పాటు జింక్ సల్ఫైడ్ ఉండేది. రేడియం నుంచి ఎడతెగకుండా వెలువడే కణాలు తగిలి జింక్ సల్ఫైడ్ రాత్రీ పగలూ వెలిగేది. అంకెలు సన్నగా రావాలని కుంచె మొనను పెదవులతో సన్నం చేయమని అక్కడ పనిచేసే అమ్మాయిలకు నేర్పారు. వాళ్లలో చాలామంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లు. రోజూ కొద్దికొద్దిగా రేడియం వాళ్ల కడుపులోకి పోయింది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. దవడ ఎముకలు కుళ్లిపోయాయి, పళ్లు రాలాయి, ఎందరో చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు స్త్రీలు 1927లో కోర్టుకెక్కారు, 1928లో పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఈ కథ క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది.

కాబట్టి మీ ఇంట్లో తాతల నాటి, అంటే 1940, 50ల నాటి విదేశీ వాచీ ఏదైనా ఉండి, దాని అంకెల మీద గోధుమరంగుకి తిరిగిన పూత కనిపిస్తే, దాన్ని విప్పకండి, గీకకండి. ఇప్పుడు వెలగడం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. అలసిపోయింది జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం సగం తరగడానికే 1600 ఏళ్లు పడుతుంది.

ఇక మన ఊళ్లో ఆ పేరు వేరే దారి పట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో "రేడియం స్టిక్కర్లు వేయబడును" అన్న బోర్డులు చూసే ఉంటారు. బండి నంబరు ప్లేటుకి, ఆటో వెనక అమ్మవారి పేరుకి "రేడియం కటింగ్" చేయించుకుంటాం. వాటిలోనూ రేడియం లేదు. అసలు అవి వెలగవు కూడా. కొన్ని ఉత్త రంగు ప్లాస్టిక్ షీట్లు. మిగతావాటిలో కంటికి కనిపించనంత చిన్న గాజు పూసలు ఉంటాయి. అవి హెడ్‌లైట్ కాంతిని వచ్చిన దారినే వెనక్కి తిప్పి కొడతాయి. మీకు అనుమానం ఉంటే చీకట్లో టార్చిని కణత పక్కన పెట్టుకుని నంబరు ప్లేటు మీద వేయండి, భగ్గుమంటుంది. అదే టార్చిని పక్కకు చాచి, చెయ్యంత దూరం నుంచి వేస్తే మసకబారుతుంది. రాత్రి రోడ్డు మీద పిల్లి కళ్లు, ఆవు కళ్లు మెరిసేది కూడా ఇలాగే. వాటి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. మన వెలుగునే మనకు తిరిగిస్తాయి, అంతే.

నా విద్యార్థులకు ఒక అలవాటు చేశాను. చీకట్లో ఏది వెలుగుతూ కనిపించినా "దీనికి శక్తి ఎక్కడిది?" అని అడగాలి. వెలుగు ఊరికే పుట్టదు. ఎవరో ఎక్కడో దాని ఖరీదు చెల్లించే ఉంటారు. రేడియం వాచీలో కట్టింది రేడియం పరమాణువు. నంబరు ప్లేటుకి కట్టింది మీ బండి బ్యాటరీ. మరి పాప గదిలో నక్షత్రానికి?

మన కాలనీల్లో పిల్లలు క్రికెట్ ఆడటం గుర్తు తెచ్చుకోండి. బంతిని గట్టిగా కొడితే మేడ ఎత్తుకి లేస్తుంది. ఎక్కువసార్లు గోడకు తగిలి వెంటనే కింద పడుతుంది. ఒక్కోసారి మాత్రం సజ్జ మీద ఇరుక్కుంటుంది. గాలి గట్టిగా వీచినప్పుడు దొర్లి, ఎప్పటికో కింద పడుతుంది. ఇక్కడ బంతి అంటే ఎలక్ట్రాన్, బ్యాటు దెబ్బ అంటే దాని మీద పడిన కాంతి. ఎలక్ట్రాన్ పైనుంచి కిందికి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తీసుకున్న శక్తిని మళ్లీ కాంతిగా వదులుతుంది. వెంటనే దిగిపోతే దాన్ని మన తెలుగు పుస్తకాల్లో ప్రతిదీప్తి అన్నారు, వాడుకలో ఫ్లోరసెన్స్. సజ్జ మీద ఇరుక్కుని నింపాదిగా దిగితే స్ఫురదీప్తి, అంటే ఫాస్ఫరెసెన్స్. మీ పాప నక్షత్రాలు ఈ రెండో రకం. మీరు లైటు వేసినంతసేపూ లక్షల కోట్ల బంతులు సజ్జల మీదికి చేరాయి. లైటు ఆర్పాక ఒకటొకటిగా రాలుతున్నాయి. ఖరీదు చెల్లించింది ట్యూబులైటే, వెలుగు చేతికొచ్చింది మాత్రం ఆలస్యంగా.

ఈ సజ్జలు నిజానికి స్ఫటికంలోని లోపాలు. కావాలనే పెట్టిన లోపాలు. జింక్ సల్ఫైడ్‌లో కాస్త రాగి కలుపుతారు. దాని సజ్జలు లోతు తక్కువ, అందుకే అర్ధగంటకో గంటకో వెలుగు చల్లారిపోతుంది. నా చిన్నప్పటి బొమ్మలన్నీ అవే. 1990ల్లో జపాన్‌లో స్ట్రాన్షియం అల్యూమినేట్‌కి యూరోపియం, డిస్ప్రోసియం అనే రెండు మూలకాలు రవ్వంత కలిపి కొత్త పొడి తయారుచేశారు. యూరోపియం వెలుగునిస్తుంది, డిస్ప్రోసియం సజ్జలను లోతు చేస్తుంది. ఇది తెల్లవారేదాకా మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. దీనికి ముత్తాత లాంటి రాయి ఒకటి 1600ల తొలి ఏళ్లలోనే దొరికింది. ఇటలీలోని బొలోన్యాలో బంగారం చేద్దామని తపించిన ఒక చెప్పులు కుట్టే ఆయన, ఊరి కొండ మీది బరువైన రాళ్లను బొగ్గుతో కాల్చాడు. బంగారం రాలేదు గానీ, ఎండలో పెట్టి చీకట్లోకి తెస్తే నిప్పులా వెలిగే రాయి వచ్చింది.

గాలి సంగతి చెప్పాను కదా. స్ఫటికంలో ఆ గాలి పాత్ర వేడిది. ఇది మీ ఇంట్లోనే చూడొచ్చు. రెండు స్టిక్కర్లను ఒకే లైటు కింద ఐదు నిమిషాలు ఉంచండి. ఒకదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, రెండోదాన్ని బయట చీకట్లోనే ఉంచండి. పావుగంట తర్వాత గదిని చీకటి చేసి రెండిటినీ పక్కపక్కన చూపండి. ఫ్రిజ్‌లోది వెలవెలబోతూ ఉంటుంది. ఇప్పుడు దాన్ని పాప అరచేతుల మధ్య పెట్టమనండి. చేతి వెచ్చదనానికి మళ్లీ వెలుగు పుంజుకుంటుంది. చలికి బంతులు సజ్జల మీదే గడ్డకట్టుకుని కూర్చున్నాయి, వెచ్చబడగానే దిగుతున్నాయి. ఈ ప్రయోగం చూసి డిగ్రీ పిల్లలు కూడా కేకలు పెట్టేవారు.

ఇంకొకటి. ఎర్ర జీరో బల్బు కింద గంట ఉంచినా ఈ స్టిక్కర్‌కి ఛార్జింగ్ ఎక్కదు. నీలం ఎల్‌ఈడీ కింద కొన్ని సెకన్లు చాలు. ఎర్ర కాంతి దెబ్బ చిన్నది. చిన్న దెబ్బలు వెయ్యి కొట్టినా బంతి సజ్జ దాకా ఎగరదు. పెద్ద దెబ్బ ఒక్కటి చాలు. దిగేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి నీలం తీసుకుని పచ్చ ఇస్తుంది. తీసుకున్నదానికంటే ఇచ్చేది తక్కువ శక్తిగల కాంతి అన్న ఈ సూత్రాన్ని 1852లో స్టోక్స్ అనే ఆయన తేల్చాడు. ఇక పచ్చరంగే ఎందుకంటే, ఆ పొడి స్వభావం ఒక కారణం, మన కన్ను రెండో కారణం. చీకటికి అలవాటుపడిన కంటికి నీలం, పచ్చ కలిసే చోటి రంగు అన్నిటికంటే బాగా ఆనుతుంది. ఆ అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సజ్జల మాట వచ్చింది కాబట్టి మన గోల్కొండను తలచుకోకుండా ఉండలేను. అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం 45.52 క్యారట్ల నీలి రాయి. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలోనే అది దొరికిందని చరిత్రకారులు భావిస్తారు. దాని మీద అతినీలలోహిత (యూవీ) కాంతి వేసి ఆపేస్తే, ఆ నీలి రాయి కొన్ని సెకన్ల పాటు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. పాత కాలంలో అది శాపం ఉన్న రాయి అని కథలు అల్లారు. దానిలో ఉన్నది బోరాన్ అనే మూలకం. నీలిరంగు రావడానికి కారణం అదే, ఆ ఎర్రటి వెలుగులో భాగం ఉన్నదీ అదే.

వెంటనే దిగిపోయే రకానికి, అంటే ప్రతిదీప్తికి, మన ఇళ్లలో ఉదాహరణలు కోకొల్లలు. ఒక చిన్న యూవీ టార్చి కొనండి, ఖరీదు ఎక్కువ ఉండదు. కళ్లలోకి మాత్రం వేయొద్దని పాపకు గట్టిగా చెప్పండి. శానిటైజర్‌లో చిటికెడు పసుపు కలిపి ఆ టార్చి వేయండి, ఆకుపచ్చ కలిసిన పసుపు మంటలా వెలుగుతుంది. నాలుగు పాలకూర ఆకులు నలిపి శానిటైజర్‌లో నానబెట్టి వడకట్టండి. ఆకుపచ్చ ద్రవం మీద టార్చి వేయగానే రక్తంలా ఎర్రగా మారుతుంది. ఆకులో ఎండను పట్టుకునే పత్రహరితం, ఆ పట్టిన శక్తిని అందించడానికి ఆకు యంత్రాంగం లేక, ఎర్ర కాంతిగా పారేస్తోందన్నమాట. కరెన్సీ నోటు నంబర్లు, ఉతికిన తెల్ల చొక్కాలు కూడా ఈ కోవలోవే. మన దక్కను రాళ్ల కింద దాక్కునే తేళ్లు సరేసరి. యూవీ టార్చి వేస్తే తేలు ఒళ్లంతా నీలిపచ్చగా మెరుస్తుంది. నగర శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇంటి చుట్టూ తేళ్లున్నాయేమో చూసుకోవడానికి నేను ఇదే చెబుతాను. తేలుకి సొంత వెలుగు లేదు. టార్చి ఆపగానే అదీ ఆగిపోతుంది.

ఇక పాప అడిగిన ప్రశ్న. మిణుగురుకి ఎండలో ఛార్జింగ్ ఎక్కదు. వారం రోజులు చీకటి గదిలో ఉంచినా, బతికి ఉన్నంతకాలం వెలుగుతుంది. దాని వెలుగు ఖరీదు అది తిన్న తిండి. మిణుగురు పిల్లపురుగు తడినేలలో నత్తలను, మెత్తటి పురుగులను తిని నెలల తరబడి పెరుగుతుంది. ఆ శక్తిలో కొంతే ఇలా వెలుగవుతుంది. పొట్ట చివర ఉన్న కణాల్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫెరేస్ అనే ఎంజైమ్ దాన్ని ఆక్సిజన్‌తో కలుపుతుంది. ఆ కలయికలో పుట్టిన అణువు ఎగిరిన బంతిలా ఉండి, దిగుతూ పసుపుపచ్చ కాంతినిస్తుంది. నూరు లూసిఫెరిన్ అణువులు ఇలా ఖర్చయితే సుమారు 41 కాంతి రేణువులు బయటికొస్తాయని కొలిచారు. మన పాత ఫిలమెంట్ బల్బు కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడికే పోగొట్టేది. మిణుగురు చేతిలో పెట్టుకుంటే వెచ్చగా కూడా అనిపించదు. వెలిగే కణాల వెనక కాంతిని బయటికి తిప్పికొట్టే తెల్లటి పొర కూడా ఉంటుంది, టార్చిలో అద్దంలాగ.

ఈ చర్య మొదలవ్వాలంటే ముందు లూసిఫెరిన్‌ను సిద్ధం చేయాలి. దానికి కావలసిన ఇంధనం ఏటీపీ, అంటే ప్రతి జీవకణానికీ శక్తినందించే అణువు. ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఏటీపీని ప్రపంచానికి చూపినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్ చేరి, అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుగొన్నాడు. అంతకుముందు 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు గార్లు ఇచ్చారు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ పేరు నేటికీ తెలుసు. ఏటీపీ అణువులో మూడు ఫాస్ఫేట్ గుంపులుంటాయి, అంటే భాస్వరమే. భాస్వరం అన్న మాటకు అర్థం వెలిగేది. మిణుగురు దీపానికి నూనె ఏదో తేలింది మాత్రం 1947లో. బాల్టిమోర్‌లో మెకల్రాయ్ అనే శాస్త్రవేత్త ఊరి పిల్లలకు డబ్బులిచ్చి మిణుగురులను పట్టించేవాడు. వాటి తోకలను నూరి నీళ్లలో కలిపితే కాసేపు వెలిగి ఆరిపోయేది. ఆ ఆరిన ద్రవంలో ఏటీపీ వేయగానే మళ్లీ వెలిగింది. ఈ రోజు ఆహార పరిశ్రమల్లో బల్ల మీద క్రిములున్నాయేమో చూసే పరీక్షలో మిణుగురు ఎంజైమునే వాడుతున్నారు. బతికిన కణం ఎక్కడుంటే అక్కడ ఏటీపీ ఉంటుంది, ఏటీపీ ఉంటే వెలుగొస్తుంది.

నుమాయిష్‌లో పిల్లలు చేతికి కట్టుకునే వెలిగే గొట్టాలు కూడా ఈ కుటుంబమే. వంచినప్పుడు టక్కుమని లోపలి గాజు గొట్టం పగిలి రెండు రసాయనాలు కలుస్తాయి, కలిసినంతసేపే వెలుగు. మళ్లీ ఛార్జింగ్ లేదు. ఒక ఏడాది మా మనవడు దాన్ని కొరికేశాడు. నోరు పుక్కిలింపించి, డాక్టరుకి ఫోన్ చేసి, రాత్రంతా కూర్చున్నాం. వాడికి ఏమీ కాలేదు గానీ, చిన్నపిల్లలకు అది ఇవ్వకండి. లోపల గాజు ముక్కలుంటాయి, ఆ ద్రవం కళ్లలో పడితే బాగా మండుతుంది.

సముద్రంలో ఈ విద్య వచ్చిన జీవులు మరీ ఎక్కువ. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు నీలంగా వెలిగాయి. ఆ వెలుగు నీటిలో తేలే నాక్టిలూకా అనే ఏకకణ జీవులది. అల తాకిడికి కదిలితే వెలుగుతాయి. మేఘాలయలో వెదురు మొద్దుల మీద రాత్రిపూట కాడ వెలిగే పుట్టగొడుగు ఒకటి దొరికిందని 2020లో ప్రకటించారు. జెల్లీ చేప నుంచి తీసిన పచ్చటి ప్రోటీన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. ఏ కణంలో ఏం జరుగుతోందో చూడటానికి దాన్ని ప్రపంచమంతటా ల్యాబుల్లో దీపంలా వాడుతున్నారు.

మిణుగురు వెలిగేది జంట కోసం. మగది ఎగురుతూ ఒక లయలో మినుకుతుంది, నచ్చితే ఆడది గడ్డిలోంచి బదులిస్తుంది. కారు హెడ్‌లైట్, రిసార్టు ఫ్లడ్‌లైట్ ఆ సంభాషణను చెరిపేస్తాయి. పెద్దపురుగు దశ వాటికి కొన్ని వారాలే. ఈసారి అనంతగిరి వెళ్తే బండి దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, ఫోన్లు జేబులో పెట్టుకుని అర్ధగంట నిలబడండి. మా చిన్నప్పుడు మేం చేసినట్టు సీసాలో పట్టి తెచ్చుకోకండి. తెల్లారేసరికి సీసా అడుగున చచ్చిపడి ఉండేవి, అది ఇప్పటికీ నాకు బాధే.

చివరిగా మీ అత్తగారి విషయం. ఆమెకు ఉపన్యాసం వద్దు. రెండు నక్షత్రాలను పీకి, వెలుతురు చొరని స్టీలు డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించి మూడు రోజులు బీరువాలో ఉంచండి. మూడో రాత్రి గదిలో లైట్లు ఆర్పి, అందరూ పావుగంట చీకట్లో కూర్చోండి. తర్వాత మూత ఆమెనే తీయమనండి. రేడియం పూత అయితే మూడు రోజులు కాదు, మూడేళ్లు మూసిపెట్టినా వెలుగుతూనే ఉంటుంది. ఆ డబ్బాలో చీకటి తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు పాప చేతికి టార్చి ఇవ్వండి.